పాలు విరిగితే ఇంటి దోషమా, గిన్నె దోషమా?

శకునాలు, దిష్టి, మంచి గడియల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులివి. ఒకే సందేహం పదిమంది అడిగినచోట ఒక్కరి ఉత్తరమే వేశాం.

*ప్రశ్న:* కొత్త ఫ్లాట్ గృహప్రవేశం రోజు తెల్లవారుజామున ఇత్తడి గిన్నెలో పాలు పెట్టాం. పొంగకముందే విరిగిపోయాయి. ఈ ఇల్లు మాకు అచ్చిరాదని మా అత్తగారు అప్పటినుంచి ముభావంగా ఉంటున్నారు. శాంతి ఏమైనా చేయించాలా?
– గృహిణి, బోడుప్పల్

*జవాబు:* ఆ గిన్నెను ముందురోజు దేంతో తోమారో గుర్తు చేసుకోండి. ఇత్తడి తళతళలాడాలని చింతపండు పెట్టి రుద్ది ఉంటారు. బయట బాగానే కడుగుతాం కానీ లోపల అంచు మడతలో, అడుగున నొక్కుల్లో పులుపు మిగిలిపోతుంది. చల్లటి పాలు ఆ కాస్త పులుపును తట్టుకుంటాయి, కాగేసరికి తట్టుకోలేవు. అందుకే పోసినప్పుడు బాగున్న పాలు పొయ్యి మీద విరుగుతాయి. కళాయి పోయిన ఇత్తడి అయితే మరీను.

రెండో అనుమానం ప్యాకెట్ మీద. నాలుగు గంటలకు దుకాణం ఉండదని ముందురోజు సాయంత్రమే తెచ్చి పెట్టుకుంటాం. కొత్త ఇంట్లో ఇంకా ఫ్రిజ్ ఉండదు. హైదరాబాద్ ఎండల్లో రాత్రంతా బయట ఉన్న ప్యాకెట్ పైకి మామూలుగానే కనిపిస్తుంది, లోపల పులుపు మొదలై ఉంటుంది. వాసన కూడా రాదు. పాత ఇంటి ఫ్రిజ్‌లోనే ఉంచి, బయల్దేరేటప్పుడు తడిగుడ్డ చుట్టి తెచ్చుకోవాలి. ముందు రెండు చెంచాలు గరిటెలో పోసి కాచి చూస్తే సంగతి తేలిపోతుంది.

అర లీటరు పాలకు ముప్పావు లీటరు పట్టే, మూతి సన్నగా ఉన్న గిన్నె తీసుకోండి. వెడల్పు గిన్నెలో పాలు మరుగుతాయే తప్ప పొంగవు. పైన కట్టిన మీగడ కింద ఆవిరి చిక్కుకుని తోస్తేనే పొంగు. చిక్కటి పాల ప్యాకెట్ మంచిది. ఇత్తడిని చింతపండుతో తోమాక సబ్బుతో ఒకసారి, మంచినీళ్ళతో రెండుసార్లు లోపలంతా కడగాలి. పరమాన్నం కూడా అందులోనే అయితే, దించి కాస్త చల్లారాకే బెల్లం వేయండి. మరిగే పాలలో బెల్లం వేస్తే విరగడం మామూలే.

అసలు భయపడాల్సింది ఇంకొకటుంది. పాలు పొంగి బర్నర్ మీద పడితే మంట ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. ఆ సమయంలో అందరూ ఫొటోల్లో ఉంటారు. ఒక చెయ్యి నాబ్ మీద ఉండాల్సిందే. ఆరిపోతే నాబ్ కట్టేసి, కిటికీలు తెరిచి, లైటు స్విచ్ ముట్టుకోకుండా కాసేపు ఆగండి.

తూర్పుకు పొంగలేదని బాధపడేవాళ్ళకో మాట. పొయ్యి ఎటు వాలితే పాలు అటు పొంగుతాయి. పడమటి కాళ్ళ కింద అట్టముక్క పెడితే సరి.

శాంతి అవసరం లేదు. మంచిరోజు చూసి మీ అత్తగారి చేతే మళ్ళీ పొంగించండి. అయ్యే ఖర్చు ఒక పాల ప్యాకెట్.

*ప్రశ్న:* అమ్మాయి అత్తవారింట్లో అడుగుపెట్టేటప్పుడు దిష్టికి కలిపిన నీళ్ళు ఎర్రబడలేదు, పసుపుగానే ఉండిపోయాయి. వాళ్ళవైపు ఆడవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు.
– ఒక తల్లి, నాగోల్

*జవాబు:* ఆ పళ్ళెంలో నిమ్మచెక్కలు వేశారా? వేసి ఉంటే అక్కడే దొరికింది దొంగ. పసుపు సున్నంతో కలిస్తే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది. నిమ్మకాయ లేకపోతే లోపం సున్నానిది. డబ్బా మూత సరిగా లేక ఎండిపోయిన సున్నం గాలి తగిలి సుద్దముక్కతో సమానమవుతుంది. అందులో ఘాటు ఉండదు, రంగు తిరగదు.

గ్లాసెడు నీళ్ళకు అర చెంచా పసుపు, శనగగింజంత తడి సున్నం చాలు. పాన్‌డబ్బా దగ్గర అప్పుడే తీసిచ్చిన సున్నం మేలు. వేలితో కలపకండి, చెంచాతో కలపండి. అయినా ఎర్రబడకపోతే మీ పసుపు ప్యాకెట్‌లో పసుపు ఎంతుందో ఆలోచించుకోవాలి.

అసలైన కుంకుమ కూడా పసుపు, సున్నం కలయికే. చిటికెడు కుంకుమ మీద నిమ్మరసం చుక్క వేస్తే పసుపుపచ్చగా మారాలి. మారకపోతే అది రంగుపొడి. ఎర్రనీళ్ళు పట్టుచీర మీద పడితే సబ్బు పెట్టకండి, మరక ఇంకా ఎర్రబడుతుంది. నీళ్ళతో అద్ది డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. పాలరాయి గచ్చు మీద పడితే మాత్రం నిమ్మకాయ రుద్దకండి, మెరుపు పోతుంది. పసుపు మరక ఎండకు దానంతటదే వెలిసిపోతుంది.

*ప్రశ్న:* అమావాస్యకు గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ ఇరవై రోజులకే కుళ్ళి కారింది. ఎదురు ఫ్లాట్‌లో మాకంటే నాలుగు నెలల ముందు కట్టింది ఇంకా గట్టిగా ఉంది. మా మీద అంత దిష్టి ఉందా? చుట్టుపక్కల ఎవరిదో తెలుసుకోవడం ఎలా?
– ఉద్యోగి, మియాపూర్

*జవాబు:* ఎవరిదో తెలుసుకునే పని పెట్టుకోకండి. కాయ కుళ్ళినందుకు పక్కింటివాళ్ళతో మాటలు మానేస్తే, ఆ నష్టం గుమ్మడికాయ కుళ్ళడం కంటే పెద్దది.

కాయ మీదున్న ఆ తెల్లటి బూడిదే దాని కవచం. అది మైనం లాంటి పొర. లోపలి నీరు ఆరిపోకుండా, బయటి బూజు లోపలికి దిగకుండా కాపాడుతుంది. మనం చేసే మొదటి తప్పు, మడిగా ఉండాలని కాయను శుభ్రంగా కడిగి, గుడ్డతో నిగనిగలాడేలా తుడవడం. రెండోది, పసుపును ముద్దలా కలిపి కాయంతా పూయడం. తడి, పోయిన పొర, పైన వరండాలో గాలి ఆడకపోవడం అన్నీ కలిస్తే ఇరవై రోజులే ఎక్కువ. బజారు నుంచి స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చేటప్పుడు తగిలిన దెబ్బ కూడా బయటికి కనిపించదు. వారం తర్వాత అక్కడే మెత్తబడుతుంది.

కొనేటప్పుడు తొడిమ చూడండి. రెండంగుళాలైనా ఉండాలి. తొడిమ ఊడిన గుంట నుంచే కుళ్ళు మొదలవుతుంది. ఒంటినిండా బూడిద పట్టి, గోరు గుచ్చితే దిగనంత గట్టిగా ఉంటే ముదురు కాయ. సన్నటి నూగు ఉండి బూడిద పట్టనిది లేతది, కూరకు బాగుంటుంది, గుమ్మానికి పనికిరాదు. మూడు కిలోలు మించకపోతే మంచిది.

పొడిబట్టతో మట్టి మాత్రం దులపండి. పసుపు, కుంకుమ బొట్లు ఒకటి రెండుచోట్ల, వీలైనంత పొడిగా పెట్టండి. తొడిమకు మేకు కొట్టడం, దారం గుచ్చడం వద్దు. కాయ మొత్తం బరువును మోసే ఉట్టిలో పెట్టి, స్లాబుకు ఉన్న కొక్కేనికి కట్టండి. తలుపు నడిమధ్య కాకుండా పక్కకు జరిపితే రసం కారినా, తాడు తెగినా ఎవరి తలమీదా పడదు. పడమటి ఎండ, వాన జల్లు నేరుగా తగలకూడదు.

వారానికోసారి వేలితో అడుగు నొక్కి చూడండి. మెత్తగా తగిలినా, చిన్న ఈగలు మూగినా అదే రోజు దించి తడి చెత్తలో వేయండి. నీటిలోనే కలపాలని చెరువుకు తీసుకెళ్ళకండి.

దుకాణాల ముందు దసరాకు పగలగొట్టే కాయల గురించి కూడా చెప్పాలి. గుజ్జు, గింజలు తారురోడ్డు మీద సబ్బు పూసినట్టు జారతాయి. లోపల వేసిన నాణేల కోసం పిల్లలు బండ్ల మధ్యకు పరుగెత్తుతారు. మెట్టు పక్కన, గోనెపట్టా మీద కొట్టి, హారతి ఆరేలోపు ఎత్తేయండి. మీ దిష్టి తీయబోయి దారిన పోయే స్కూటర్‌వాడి కాలు విరగ్గొట్టకండి.

*ప్రశ్న:* కొత్త బండికి నిమ్మకాయ, మిరపకాయలు ఎక్కడ కట్టాలి?
– విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

*జవాబు:* నంబర్ ప్లేటుకు కట్టకండి. అంకె కనిపించకపోతే పోలీసు కెమెరాకు దొరికిపోతారు, చలానా ఇంటికొస్తుంది. ముందు చక్రం దగ్గర కూడా వద్దు, దారం ఇరుసుకు చుట్టుకుంటుంది. ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు, జానెడు నూలు దారం తీసుకుని అద్దం కాడకు బిగించి కట్టండి. ఇనుప తీగతో గుచ్చితే పులుపుకు తుప్పు పట్టి ఆ నీళ్ళు పెయింటు మీద కారతాయి. వారానికోసారి తీసి చెత్తబుట్టలో వేయండి. నాలుగు దారుల కూడలిలో పారేసి వెళ్ళిపోవడం వెనక వచ్చేవాడికి మీరిచ్చే కానుక కాకూడదు.

*ప్రశ్న:* డిసెంబరు మూడో వారంలో సోమవారం ఉదయం 9.10కి మాదాపూర్‌లో కొత్త ఉద్యోగంలో చేరాలనుకుంటున్నాను. గోడ క్యాలెండర్లో రాహుకాలం 7.30 నుంచి 9.00. అంటే దాటినట్టే కదా? డాలస్‌లో ఉన్న అన్నయ్య కూడా ఇదే క్యాలెండర్ ఫొటో పంపమంటాడు.
– కూకట్‌పల్లి

*జవాబు:* లెక్క ప్రకారం దాటలేదు. క్యాలెండర్లో అచ్చయ్యే ఆ టైములు సూర్యుడు ఆరింటికి ఉదయించి ఆరింటికి అస్తమించే రోజుకు సరిపోతాయి. అసలు పద్ధతి ఇది: ఆ రోజు ఆ ఊరి పగటిని ఎనిమిది భాగాలు చేయాలి. రాహుకాలం సోమవారం రెండో భాగం, శని మూడు, శుక్ర నాలుగు, బుధ అయిదు, గురు ఆరు, మంగళ ఏడు, ఆదివారం ఎనిమిది.

డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో సూర్యోదయం సుమారు 6.40, అస్తమయం 5.45. పగలు 665 నిమిషాలు, ఒక్కో భాగం 83 నిమిషాలు. కాబట్టి సోమవారం రాహుకాలం 8.03కు మొదలై 9.26కు అయిపోతుంది. మీ 9.10 దాని నడుమనే పడింది. అదే జూన్ మూడో వారమైతే సూర్యోదయం 5.42, అస్తమయం 6.52, ఒక్కో భాగం దాదాపు 99 నిమిషాలు. అప్పుడు 7.21 నుంచి 9.00 వరకు.

పట్టింపు ఉంటే 8 గంటలకు ముందే ఇంట్లోంచి కదలండి, లేదా 9.30కి సంతకం పెట్టండి. బయల్దేరిన గడియే ముఖ్యమనేవారు పెద్దలు. ప్రయాణం తర్వాతైనా సామానులో ఒకటి మంచి గడియలో ముందే పక్కింట్లో పెట్టి ఉంచేవారు. దీన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. మీ బ్యాగును 7.50కి పార్కింగ్‌లో ఉన్న బండిలో పెట్టేస్తే ఆచారం తీరినట్టే. కొత్త ఆఫీసులో మొదటిరోజే ఆలస్యంగా వెళ్ళడానికి మాత్రం ఏ పంచాంగమూ సాయం రాదు.

మీ అన్నయ్యకు హైదరాబాద్ రాహుకాలం పనికిరాదు. అక్కడి సూర్యోదయంతో లెక్కకట్టుకోవాలి. అంతెందుకు, విశాఖలోనే సూర్యుడు మనకంటే సుమారు 20 నిమిషాలు ముందు వస్తాడు. వర్జ్యం సంగతి వేరు. అది చంద్రుడున్న నక్షత్రాన్ని బట్టి వస్తుంది కాబట్టి లోకమంతటికీ ఒకే క్షణం. మన టైములోంచి చలికాలంలో 11.30 గంటలు, వేసవిలో 10.30 గంటలు తీసేస్తే డాలస్ వర్జ్యం వచ్చేస్తుంది. వర్జ్యం సుమారు గంటన్నర ఉంటుంది.

*ప్రశ్న:* మా అమ్మాయి పెళ్ళిలో నా భర్తకు అక్కగారు, పిల్లను పెంచిన మనిషి, ముందు వరుసలో కనిపించకూడదని కొందరు చుట్టాలంటున్నారు. ఆవిడ భర్త పోయి ఆరేళ్ళయింది.
– ముషీరాబాద్

*జవాబు:* ఇందులో పరిహారం అడగాల్సింది ఏమీ లేదు, చుట్టాల నోరు కట్టే ఉపాయమే కావాలి. పురోహితుడితో ముందుగానే, మీరూ మీవారూ కలిసి మాట్లాడండి: "మా వదినగారు అక్షతలు వేస్తారు, అమ్మాయిని మండపానికి ఆవిడే తీసుకొస్తారు" అని చెప్పండి. అనుమతి అడిగినట్టు కాకుండా, చెప్పినట్టే చెప్పాలి. శుభలేఖలో ఆహ్వానించేవారి పేర్లలో ఆవిడ పేరు అచ్చు వేయించండి. అచ్చయిన పేరును పెళ్ళిరోజు వెనక్కి పంపే ధైర్యం ఎవరికీ ఉండదు. ఫొటోగ్రాఫర్‌కు కూడా ఆవిడను చూపించి పెట్టండి. మనిషి ఎదురురావడం అపశకునమనే మాట ఎంత పాతదైనా సరే, మా శీర్షికలో దానికి విరుగుడు దొరకదు.

*ప్రశ్న:* పాపకు దిష్టి తీసి ఉప్పు, మిరపకాయలు గ్యాస్ మంట మీద వేస్తే అసలు ఘాటే రాలేదు. అంత దిష్టి తగిలిందా?
– కొత్త తల్లి, ఉప్పల్

*జవాబు:* అంత మంచి మంట తగిలింది. ఎండుమిరప నెమ్మదిగా మాడి పొగ అయితేనే కారం గాలిలోకి లేచి దగ్గు వస్తుంది. గ్యాస్ మంటలో అది భగ్గున కాలిపోతుంది, మిగిలింది చిమ్నీ లాగేస్తుంది. నాయనమ్మ కాలపు కుంపట్లో నిప్పు కనకన ఉండేది, అందుకే అప్పుడు ఇల్లంతా దగ్గేది. ఉప్పు చిటపటలు కూడా అంతే. కల్లుప్పు రాళ్ళలో చిక్కుకున్న తేమ వేడికి ఆవిరై రాయిని పగలగొడుతుంది.

గుప్పెడు కల్లుప్పు, మూడు ఎండుమిరపకాయలు, చిటికెడు ఆవాలు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు తిప్పడం వరకు పాప దగ్గర. కాల్చడం మాత్రం బాల్కనీలో, పాత ఇనుప మూకుడులో, పాప ఉన్న గది తలుపు వేసి. పసివాళ్ళ ఊపిరితిత్తులకు, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆ పొగ నిజంగానే చెడు చేస్తుంది. బర్నర్ మీద వేస్తే ఉప్పు రంధ్రాల్లో చేరి తినేస్తుంది. చాలామంది ఉత్త ఉప్పు తిప్పి నీళ్ళలో కరిగించి పారబోస్తారు, ఫ్లాట్లలో అదే మేలు.

దిష్టిచుక్క అరికాలికి పెట్టండి. కంటికి కాటుక వద్దు. బజారు కాటుక, సుర్మాల్లో కొన్నిటిలో సీసం ఉంటుంది. పాప కళ్ళు నులుముకుని అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది.

*ప్రశ్న:* దుబాయ్ వెళ్తుంటే పాతబస్తీ మిత్రుడి తల్లిగారు నా కుడి జబ్బకు గుడ్డలో నాణెం చుట్టి కట్టారు. దాన్ని ఏం చేయాలి?
– టోలీచౌకి

*జవాబు:* అది ఇమామ్ జామిన్. ప్రయాణంలో కాపు ఉంటుందని కడతారు. షియా ముస్లింల ఎనిమిదో ఇమామ్ రజా పేరు మీద వచ్చిన ఆచారం. క్షేమంగా చేరాక విప్పి, ఆ డబ్బు లేనివాళ్ళకు ఇవ్వాలి. జేబులో వేసుకోకూడదు, ఖర్చు పెట్టుకోకూడదు. విమానాశ్రయంలో నాణేనికి డిటెక్టర్ మోగుతుంది. తనిఖీవాళ్ళు అడగకముందే చేయి చూపించి చెప్పండి. చేరాక ఆవిడకు ఒక ఫోన్ చేయడం మరవకండి.

*ప్రశ్న:* ఎడమ భుజం మీద బల్లి పడింది. రెండు పంచాంగాలు చూస్తే రెండు రకాల ఫలం రాసి ఉంది.
– సికింద్రాబాద్

*జవాబు:* నచ్చినదాన్ని నమ్మండి. పట్టికలు మగవారికి ఒకలా, ఆడవారికి ఒకలా ఉంటాయి, పంచాంగానికీ పంచాంగానికీ కూడా తేడా వస్తుంది. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు, వెండి బల్లులను తాకితే దోషం పోతుందని, తాకి వచ్చినవాళ్ళను తాకినా చాలని నమ్మకం. ఈ లెక్కన మెట్రోలో ఒకసారి ప్రయాణిస్తే హైదరాబాద్‌లో ఎవరికీ దోషం మిగలకూడదు.

మన గోడబల్లికి విషం లేదు. దాని పేగుల్లో విరేచనాలు, జ్వరం తెచ్చే సూక్ష్మజీవులు ఉంటాయి. భుజం సబ్బుతో కడుక్కుంటే చాలు. పాలలోనో పప్పులోనో పడితే మాత్రం మరిగించి వాడదామనుకోకుండా పారబోయండి.

*ప్రశ్న:* దసరా రోజు పాలపిట్టను చూపిస్తామని పంజరంతో కాలనీకి వచ్చేవాళ్ళకు డబ్బులివ్వడం పుణ్యమేనా?
– మల్కాజిగిరి

*జవాబు:* కాదు, నేరం. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దాన్ని పట్టడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఒప్పుకోదు. ఎగరకుండా రెక్కలు కత్తిరిస్తారు, కట్టేస్తారు. మనిషి చేతుల్లో నలిగి, తిండి లేక పండగ దాటకుండానే చాలా పిట్టలు పోతాయి. మీరిచ్చే డబ్బే వచ్చే ఏడు ఇంకో పిట్టకు ఉచ్చు.

చూడాలనుకుంటే ఊరి అంచుకు వెళ్ళండి. పొలాలు, బీడుభూములున్న చోట కరెంటు తీగల మీద ఒంటరిగా కూర్చుని నేలను చూస్తుంటుంది. కూర్చున్నప్పుడు గోధుమరంగుగా, మామూలు పిట్టలా ఉంటుంది. పురుగు కోసం కిందికి దూకినప్పుడే రెక్కల్లోని నీలం ఒక్కసారి విచ్చుకుంటుంది. చిలుకూరు దారిలోనో, అమీన్‌పూర్ చెరువు చుట్టుపక్కలో పొద్దున ఏడింటికి గంటసేపు తీగల వెంట చూపు ఆనిస్తే కనిపించే అవకాశం ఎక్కువ. జమ్మికి వెళ్ళేదారిలోనే ఈ పని పెట్టుకోండి.

*ప్రశ్న:* పది రోజులుగా కుడి కన్ను అదురుతోంది. మగవాడికి మంచిదే అంటారు కదా, ధనలాభం ఎప్పుడు?
– గచ్చిబౌలి

*జవాబు:* ముందు నిద్ర లాభం చూసుకోండి. నిద్ర చాలకపోవడం, రోజుకు అయిదారు చాయ్‌లు, కళ్ళార్పకుండా స్క్రీన్ చూడటం, రెప్ప అదరడానికి మామూలు కారణాలు ఇవే. చాయ్ రెండుకు తగ్గించి, వారం రోజులు ఏడు గంటలు పడుకోండి. మూడు వారాలు దాటినా తగ్గకపోతే, కన్ను పూర్తిగా మూసుకుపోతున్నా, చెంప, పెదవి కూడా లాగుతున్నా కంటి డాక్టరుకు చూపించండి.